నా ట్రాక్టర్, వాళ్ల పడవ

మా ఇంట్లో ఉన్న స్టీలు సామాన్లన్నిటి మీదా నా పేరు కొట్టించి ఉంటుంది. మంచినీళ్ల చెంబు నుంచి పెళ్లిళ్లకు వాడే పెద్ద గంజు దాకా, ఒక్కటీ వదల్లేదు. నేను చదివింది మూడో తరగతి. ఆ మూడేళ్లలో వచ్చిన అక్షరాలు నా పేరు రాసుకోవడానికి సరిపోయాయి. అంతకంటే ఎక్కువ అవసరం పడలేదు. గిన్నె పక్కింటికి పోతే తిరిగి రావాలి కదా. పేరు లేని వస్తువు ఎవరి గడపలో ఉంటే వాళ్లదైపోతుంది. ఇంత తెలిసినదాన్ని, ట్రాక్టర్ కొన్నప్పుడు మాత్రం ఆ సంగతి నాకు తట్టలేదు.

అది చిన్న ట్రాక్టర్. పసుపు బోదెల నడుమ మొక్కకు తగలకుండా దూరిపోయేంత సన్నది. పసుపుకు మంచి ధర పలికిన ఏడు మా ఊళ్లో అందరూ మేడ మీద గదులు వేసుకున్నారు. నేను వేయనివ్వలేదు. ఉన్న గదులే ఊడ్చేవాళ్లు లేరు, పైన ఇంకొకటి ఎందుకని ట్రాక్టర్ కొనిపించాను. కాగితాలు నా పేరు మీదే ఉన్నాయి. షోరూములో కుర్రవాడు వేలిముద్ర డబ్బా ముందుకు జరిపితే, పక్కకు నెట్టి సంతకం పెట్టాను. ఒక్కొక్క అక్షరం రాసేదాకా వాడు నిలబడ్డాడు. నిలబడనీ అనుకున్నాను.

సీటుకు వచ్చిన ప్లాస్టిక్ కవరు ఈ రోజుకీ తీయలేదు. ఎండకు కాలుతుందని కోడలు అంటుంది. కాలితే కింద గోనెసంచి వేసుకొమ్మన్నాను.

కోడలు తోలడం ఎలా మొదలైందో చెప్పాలి. కొన్న ఏడాదికే నా కొడుకు పసుపు బస్తా ఎత్తబోయి నడుము పట్టేసుకున్నాడు. ట్రాక్టర్ కుదుపు తగలకూడదని డాక్టర్ చెప్పాడు. రోజుకూలీ మీద డ్రైవర్‌ను పెట్టడం నాకు ఇష్టం లేదు. పరాయివాడు గేరు విరగ్గొట్టి ఊరుకుంటాడు. కోడలిని నేర్చుకొమ్మన్నది నేనే. ఇంకెవరో కాదు.

అంతకుముందు ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నేనే ఎక్కి చూశాను. క్లచ్చు మీద కాలు ఆనలేదు. సీటు అంచుకు జరిగి తొక్కితే బండి ఒక్కసారి ఎగిరి కోళ్ల గూడు మీదకు పోయి ఆగిపోయింది. కోళ్లకు ఏమీ కాలేదు. గూడు గాలికి పడిందని అందరికీ చెప్పాను. మళ్లీ ఎక్కలేదు.

కోడలు ఎనిమిది రోజుల్లో నేర్చుకుంది. నెల తిరగకముందే వెనక ట్రాలీ తగిలించి, మా సందులోకి రివర్సులో తీసుకొచ్చింది. ట్రాలీతో వెనక్కి రావడం ముందుకు పోయినట్టు కాదు. ట్రాలీ కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. మగవాళ్లే అడ్డం తిప్పి గోడలు గీకిస్తారు. ఈ పిల్ల మెడ వెనక్కి తిప్పి, ఒక చేయి మడ్‌గార్డు మీద పెట్టి, సూదిలో దారం ఎక్కించినట్టు లోపలికి తెచ్చి నిలబెట్టింది. ఎదురింటివాళ్లు అరుగు మీద నిలబడి చూశారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నాకు కడుపులో మండింది. అప్పుడు దానికి పేరు పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను. అది అసూయ.

ఒక్క సంగతి మాత్రం నా చేతిలో ఉంది. పని కాగానే కోడలు తాళంచెవి తెచ్చి నాకు ఇస్తుంది. నేను కొంగున ముడి వేసుకుంటాను. ఆ ముడి ఉన్నంతసేపు ట్రాక్టర్ నాది, తోలే మనిషీ నా మనిషే అనుకునేదాన్ని. ఆ అనుకోవడాన్ని వాళ్ల పడవ వచ్చి కదిలించింది.

కోడలి తల్లిగారి ఊరు బాల్కొండ దాటాక లోపలికి, ప్రాజెక్టు వెనుక నీళ్ల ఒడ్డున ఉంటుంది. వాళ్ల పొలం సగం ఆ నీళ్ల కిందే పోయింది. అందుకని వాళ్లు మిగిలిన పొలం దున్నుకుంటూ చేపలు కూడా పడతారు. ఆమె తమ్ముడికి ఒక పడవ ఉంది. ఇనుప రేకుతో చేయించిన పెద్ద పడవ, వెనక ఇంజను. వానాకాలంలో నీళ్లు వాళ్ల ఇళ్ల వెనకదాకా వస్తాయి, అప్పుడు ఏ బాధా లేదు. సంక్రాంతి దాటిందంటే నీళ్లు వెనక్కి నడుస్తాయి. వారం వారం ఇంత దూరం, ఇంత దూరం. ఒక వారం చూడకపోతే పడవ బురద మీద బోర్ల పడ్డ గేదెలా ఉండిపోతుంది. ఇదివరకు పది పన్నెండు మంది మగవాళ్లు హైలెస్సా అంటూ నెట్టేవాళ్లట. ఇప్పుడు ఆ ఊళ్లో అంతమంది మగవాళ్లు ఒక్కచోట దొరకరు. సగం మంది దుబాయిలో, మస్కట్‌లో ఉన్నారు.

ఆ తమ్ముడు పాత ఇరుసు ఒకటి సంపాదించి, దాని మీద పడవ కూర్చునేలా రెండు చక్రాల బండి చేయించాడు. దాన్ని లాగడానికి పెద్ద ట్రాక్టర్ పెడితే, దాని బరువుకు అదే బురదలో దిగబడిపోయింది. అప్పుడు వాళ్లకు మా చిన్న ట్రాక్టర్ గుర్తొచ్చింది.

మొదటిసారి నేనూ వెంట పోయాను. నా బండి ఎక్కడికి పోతుందో చూడాలి కదా. మడ్‌గార్డు మీద కూర్చుని, గోనెసంచి కింద వేసుకుని, లోపలి రోడ్డు మీద పోయాము. దారిలో రెండు పక్కలా కల్లాల్లో పసుపు ఎండుతోంది. ఎవరి పసుపు ఎంత రంగు వచ్చిందో చూసుకుంటూ పోయాను. అక్కడికి చేరేసరికి ఒడ్డు మీద ఊరు సగం ఉంది.

పడవను బండి మీదకు ఎక్కించారు. మా కోడలు ట్రాక్టర్‌ను తిప్పి, ముక్కు ఊరివైపు, వీపు నీళ్లవైపు పెట్టింది. అప్పుడు వియ్యపురాలు పసుపు కుంకుమ పళ్లెం తెచ్చింది. ఆ పళ్లెంలో పసుపు మా ఇంటిదే, నేను దంచి జల్లించి డబ్బాలో పెట్టి పంపినదే. ముందు పడవ ముక్కుకు బొట్టు పెట్టింది, గంగమ్మకు దండం పెట్టింది. తర్వాత ట్రాక్టర్‌కు పెట్టింది. తర్వాత కూతురి నుదుటికి. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆఖరుకు నా దగ్గరికి వచ్చి, పళ్లెంలో మిగిలినది వేలితో గీకి పెట్టింది.

కోడలు మెల్లగా వెనక్కి పోనిచ్చింది. పడవ బండి చక్రాలు నీళ్లలోకి దిగాయి, ఇరుసు మునిగింది, పడవ తోక ఊగింది. తమ్ముడు మోకులు విప్పాడు. బ్రేకు మీద ఒక్కసారి గట్టిగా కాలు వేసింది కోడలు. పడవ జారి, తనంతట తానే తేలిపోయింది. నీళ్లు ట్రాక్టర్ వెనక చక్రాల సగానికి కూడా రాలేదు. ఒడ్డు మీద వాళ్లందరూ చూస్తూ ఉండిపోయారు.

ఒక ముసలాయన వియ్యపురాలిని అడిగాడు, ఆ పిల్ల ఎవరు అని.

"నా బిడ్డనే," అంది ఆమె. "నా బిడ్డ ట్రాక్టర్ తోలుకచ్చింది."

ఎవరి ట్రాక్టర్ అని ఎవరూ అడగలేదు. నేను అడిగించుకోలేదు. ఆ మాటను మూడు నెలలు నెమరువేశాను. నా బిడ్డ ట్రాక్టర్. బిడ్డ ఆమెదే, కాదనను, తొమ్మిది నెలలు మోసింది. ట్రాక్టర్ ఎప్పుడు మోసింది?

ఆ తర్వాత పది రోజులకు ఒకసారి, ఒక్కోసారి వారానికే, ఫోను వచ్చేది. నీళ్లు ఇంకొంచెం దిగినయి అక్కా, పడవ జరపాలె. కోడలు నా ముందుకొచ్చి నిలబడేది. నేను కొంగు ముడి విప్పడానికి ఎంత ఆలస్యం చేయాలో అంత చేసేదాన్ని. ముడి గట్టిగా పడిందనేదాన్ని. చేతులు తడిగా ఉన్నాయనేదాన్ని. ఆమె అలాగే నిలబడేది.

నేను వంకలు వెతికాను. డీజిలు అన్నాను. తమ్ముడు ట్యాంకు పోయినప్పటికంటే నిండుగా నింపి పంపడం మొదలుపెట్టాడు. బురద అన్నాను. కోడలు అక్కడే నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి తెచ్చేది. మా పొలం పని చేసినప్పుడు అంత మెరిసేలా ఏనాడూ కడగలేదు. చేపల వాసన వస్తుందన్నాను. ఆ మాట అన్న రోజు సాయంత్రమే ఆమె తెచ్చిన చేపల పులుసు వడ్డిస్తే, నా కొడుకు నన్ను చూసి నవ్వాడు.

"ట్రాక్టర్‌కు వాసన వస్తది గని పులుసుకు రాదా అమ్మ?"

నేను రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను. చేప బాగుంటే బాగుందనే అంటాను. కానీ నా కడుపులో మంట తగ్గలేదు. అక్కడ నుంచి వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల మొహం వేరేగా ఉండేది. బుగ్గలు ఎండకు కమిలి, కళ్లలో వెలుగుతో వచ్చేది. మా పసుపు పొలంలో రోజంతా తోలినా ఆ వెలుగు నేను చూడలేదు. తల్లిని చూసి వచ్చినందుకా, పడవను నీళ్లలో వేసినందుకా, నాకు తెలియదు. ఏదైనా సరే, నా తాళంచెవితో పోయి తెచ్చుకున్నది. నేను ముసలిదాన్నయ్యాక ఈ పిల్ల ఎటువైపు నిలబడుతుందో అని రోజూ అదే ఆలోచన. నా కొడుకు నడుము అలా ఉంది. ఇంటికి, పొలానికి దిక్కు ఆమె ఒక్కతే. ఆ ఒక్కతె అటు జారిపోతే నాకు మిగిలేది గిన్నెల మీద పేరే.

మా పసుపు కూడా ఉడకబెట్టి ఎండబోసే రోజులు వచ్చాయి. ఈ కాలమే నీళ్లు అన్నిటికంటే తొందరగా వెనక్కి పోయే కాలం. కల్లంలో కొమ్ములు పదిహేను రోజులు ఎండాలి. ఒక్క వాన పడితే రంగు చెడిపోతుంది, మార్కెట్ యార్డులో అడిగేవాడు ఉండడు. సాయంత్రం కాగానే కుప్ప చేసి టార్పాలిన్ కప్పి, చుట్టూ బరువులు పెడతాము. నిరుడు రాళ్లు పెడితే అంచులు గీసుకుపోయి కొత్త టార్పాలిన్‌కు చిల్లులు పడ్డాయి. అప్పటి నుంచి నా కన్ను ట్రాక్టర్ ముక్కు కింద ఉండే ఇనుప బిళ్లల మీద ఉంది.

అవి నాలుగు. ముందు ఒక కమ్మీకి, పుస్తకాలు వరసగా పేర్చినట్టు, నిలువుగా తగిలించి ఉంటాయి. నున్నటి అంచులు, పైన పట్టుకోవడానికి సందు. చూడగానే ఇవి టార్పాలిన్ కోసమే చేశారా అనిపిస్తుంది. అవి అక్కడ ఏం పని చేస్తాయో నాకు తెలియదు. కంపెనీవాడు అందానికి పెట్టాడనుకున్నాను. ఒక మధ్యాహ్నం గాలి లేచింది. సీల తీసి, ఒక్కొక్క బిళ్లను గోనెసంచి మీదకు దించి, కల్లం దాకా ఈడ్చుకుపోయాను. నాలుగు మూలలా నాలుగు. టార్పాలిన్ కదల్లేదు. చాలా సంతోషపడ్డాను.

మర్నాడు పొద్దున ఫోను వచ్చింది. ఈసారి పడవను జరపడం కాదు, పూర్తిగా బయటికి లాగాలి. అడుగున రేకు తుప్పుపట్టి నీళ్లు కారుతున్నాయి. ఒడ్డుకు ఎక్కించి అతుకు వేయించకపోతే రెండు రోజుల్లో మునిగిపోతుంది. వియ్యపురాలు నన్నూ భోజనానికి రమ్మంది. కోడలు బండి దగ్గరికి పోయి, వెంటనే తిరిగొచ్చింది.

"అత్తమ్మా, ముందు బిళ్లలు ఏవి?"

పసుపు మీద ఉన్నాయన్నాను.

"అవి పెట్టుకొని పోవాలె. ఎనక పడవ బరువుంటది, గట్టు ఎక్కుడుంటది. ముందట బరువు లేకుంటే ముక్కు లేస్తది."

ఇన్ని రోజులు లేవనిది ఇవాళ లేస్తుందా అన్నాను. ఇన్ని రోజులు బిళ్లలు ఉన్నాయి కాబట్టి లేవలేదన్నది ఎవరికైనా తెలుస్తుంది. నాకూ ఆ క్షణంలోనే తెలిసింది. కానీ ఒప్పుకోలేదు. ఆకాశంలో మొగులు కనబడుతోంది, పసుపు నీ తల్లిగారిది కాదు, మనది అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. నా కొడుకు మంచం మీద నుంచి లేచి, రాళ్లు నేను పెడతానన్నాడు. నడుము పట్టుకుని రాళ్లు మోస్తావా అని వాణ్ని కూర్చోబెట్టాను. కోడలు కల్లం వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది. అక్కడ పడవలోకి నీళ్లు వస్తున్నాయి. తాళంచెవి తీసుకుని బండెక్కింది. నేను పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాను. దారంతా బండి ముక్కు కింద ఖాళీ కమ్మీ కనబడుతూనే ఉంది.

నీళ్లు ఎంత దూరం పోయాయో ఆ రోజు చూశాను. వాళ్ల ఇళ్ల నుంచి నడిచి అలిసిపోయేంత దూరం. పైన ఎండి పగుళ్లిచ్చిన నేల, కింద మెత్తటి నల్ల బురద, వాటి నడుమ ఎక్కుడు, ఏటవాలు గట్టు. తమ్ముడు, ఇంకొక ఇద్దరు మగవాళ్లు కలిసి నీళ్లలో తేలుతున్న పడవను బండి మీదకు ఎక్కించారు. పడవలో పాదం మునిగేంత నీళ్లు ఉన్నాయి, తోడినా మళ్లీ వస్తున్నాయి. ఆ నీళ్లతో పడవ ఇంకా బరువెక్కింది.

కోడలు చిన్న గేరులో వేసి మెల్లగా లాగింది. నాలుగు గజాలు వచ్చింది. ఎక్కుడు మొదలయ్యేచోట ఇంజను గొంతు మారింది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. ముందు చక్రాలు నేల విడిచాయి. ముందు ఒక జానెడు, తర్వాత మూరెడు. బండి గుర్రంలా కాళ్లెత్తింది. స్టీరింగు ఆమె చేతుల్లోనే ఉంది, కానీ దానితో ఇక పనేమీ లేదు. ఆ పిల్ల కేక వేయలేదు. క్లచ్చు తొక్కింది. ముక్కు దభీమని నేలకు పడింది, బండి పడవతో సహా వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక చక్రాలు నీళ్లలోకి పోయాయి. పడవ బండి ఒక పక్క బురదలో కూరుకుపోయి ఆగబట్టి ట్రాక్టర్ కూడా ఆగింది. లేకపోతే ఎక్కడిదాకా పోయేదో.

ఇంజను ఆపాక కూడా ఆ పిల్ల రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఆమె కింద సీటు కవరు గలగలమంటూనే ఉంది.

తమ్ముడు పరుగెత్తుకొచ్చి బండి ముందు నిలబడ్డాడు. "అక్కా, ముందు బిళ్లలు యాడ పోయినయి?"

కోడలు నావైపు చూడలేదు.

"నేనే తీసిపెట్టిన," అంది. "మల్ల పెట్టుడు మరిచిపోయిన."

వియ్యపురాలు చెప్పులు చేతబట్టుకుని బురదలోనుంచి వచ్చి, అందరి ముందూ కూతురిని తిట్టడం మొదలుపెట్టింది. మీ అత్త ఎంత పైలంగా కొన్న బండి, సీటు కవరు కూడా తియ్యకుండా చూసుకుంటుంది, నీకు బుద్ధి లేదా, పైన పడితే నీ గతేంది అని. ఆ పిల్ల తల వంచుకుని వింది. నన్ను మెచ్చుకుంటూ ఆమెను తిడుతోంది. ఇన్ని నెలలుగా నేను కోరుకున్నది ఇదే కదా. తల్లి ముందర ఆ పిల్ల తప్పు చేసినదై నిలబడాలి, ట్రాక్టర్ నాదని పదిమందికీ వినబడాలి. రెండూ జరిగాయి. చేదుగా ఉంది. దానికి తోడు ఇంకొక అసూయ పుట్టింది. మరిచిపోయానన్న మాట ఆ పిల్ల ఎంత సులువుగా అనేసింది. నా తప్పును తన మీద వేసుకోవడానికి ఒక్క క్షణం పట్టలేదు. ఆమె స్థానంలో నేనైతే అనేదాన్ని కాదు. అందులో కూడా ఆ పిల్లే నాకంటే పైన ఉందా అనిపించింది.

"బిళ్లలు నా పసుపు మీదున్నయి వదినె," అన్నాను. "పెట్టుకపోతనని అడిగింది. నేనే ఇయ్యలె."

వియ్యపురాలు నోరు సగం తెరిచి అలాగే ఉంచింది. కోడలు అప్పుడు నావైపు చూసింది.

మా ఇంటికి పోయి బిళ్లలు తేవాలంటే పూట పడుతుంది. పడవలో నీళ్లు గిలక్కొడుతున్నాయి, మొగులు దగ్గరికొస్తోంది. తమ్ముడు తల పట్టుకున్నాడు. నేను ఒడ్డు మీద ఎవరిదో ఖాళీ ఎరువు సంచుల కట్ట చూశాను. కొంగు నడుముకు దోపి, ఒక సంచి తీసుకుని, వంగి ఆ నల్ల బురద దోసిళ్లతో నింపడం మొదలుపెట్టాను. బరువుకు ఇనుమే కావాలని ఏముంది. కొంచెంసేపటికి పక్కన ఇంకొక జత చేతులు కనబడ్డాయి. వియ్యపురాలు సంచి మూతి తెరిచి పట్టుకుంది.

"మీ ఇంట్ల సంచులు కుడ్తరా, ముడేస్తరా వదినె?" అని అడిగింది.

కుడతామన్నాను. సుతిలి దారం తెప్పించింది. ఇద్దరం ఆరు సంచులు కుట్టాము. ఆమె కుట్టు నా కుట్టంత దగ్గరగా లేదు. ఆ మాట మనసులోనే ఉంచుకున్నాను.

సంచులు మగవాళ్లు మోసుకుపోయి ముందు కమ్మీ మీద వేసి మోకుతో కట్టారు. బురద సంచి ఇనుప బిళ్లలా కుదురుగా నిలవదు, ఒక పక్కకు జారుతుంది. ఎవరైనా పైన కూర్చుని అదిమి పట్టాలి అన్నాడు తమ్ముడు, తానే ఎక్కబోయాడు. పడవ పక్కన మోకులు చూసే మనిషి అతనే. అతను ఇక్కడ కూర్చుంటే అక్కడ ఎవరు. నేను ఎక్కాను. కోడలు వద్దని ఎంతో చెప్పింది. అలా కూర్చోకూడదని నాకూ తెలుసు, ఇంకెవరినీ కూర్చోమని చెప్పను.

"ముక్కు లేస్తే పడ్తవు అత్తమ్మా. దిగు."

"లేవకుండ నువ్వు తోలు," అన్నాను.

బానెట్టుకు ఆనుకుని, సంచుల మీద, ఆమెవైపు మొహం తిప్పి కూర్చున్నాను. ఇంతకాలం ఆమె తోలుతుంటే పక్క నుంచి చూశాను, గుమ్మంలో నుంచి చూశాను. ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. కింది పెదవిని పళ్ల కింద పెట్టుకుంటుంది. క్లచ్చు వదిలేటప్పుడు ఎడమ భుజం కొంచెం దించుతుంది. వెనక పడవను చూస్తుంది, చక్రాన్ని చూస్తుంది, మళ్లీ నన్ను చూస్తుంది. మళ్లీ పడవను, మళ్లీ నన్ను. ఒడ్డు మీద తల్లి నిలబడి ఉంది, అటు ఒక్కసారి కూడా చూడలేదు. నేను లెక్కపెట్టినట్టే చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఎక్కుడు మొదట్లో నా కింద ముక్కు తేలికైనట్టు అనిపించింది. సంచులు కట్టిన మోకును రెండు చేతులా పట్టుకున్నాను. ఆమె కాలు తగ్గించింది, ఇంజను గుర్రుమంది, చక్రాలు బురదను వెనక్కి చిమ్మి పట్టు దొరకబుచ్చుకున్నాయి. ముక్కు నేల మీదే ఉంది. అంగుళం అంగుళంగా పడవ బురదలోనుంచి లేచి, నీళ్లు కార్చుకుంటూ, ఎండిన నేల మీదకు వచ్చింది.

దిగి చూసుకుంటే చీరంతా బురద. వియ్యపురాలు నీళ్ల బిందె తెచ్చి నా కాళ్ల మీద పోసింది. మోకాలి కింద గీసుకుపోయినచోట పసుపు అద్దింది. అదీ మా పసుపే. భోజనాలు అయ్యాక చినుకులు మొదలయ్యాయి. పొద్దున పోదురుగాని, బిడ్డను ఈ పూట ఉంచుకుంటానంది ఆమె. అడిగితే ఏమనాలో తెలియదు, అందుకని అన్నం ముద్ద నోట్లో ఉన్నట్టే ఊరుకున్నాను. కోడలు అప్పటికే లేచి గోనెసంచి దులుపుతోంది.

"పసుపు ఎట్లున్నదో ఏమో," అంది తల్లితో. "ఆయన నడుము తోటి కుప్ప కాడికి పోయి కూసుంటడు. నేను పోవాలె."

ఆ మాటకు నాలో ఎంత చల్లబడిందో ఎవరికీ కనబడనివ్వలేదు. తమ్ముణ్ని పిలిచి, ఆ ఆరు సంచులు విప్పకుండా ముందు కమ్మీకే గట్టిగా బిగించమన్నాను. బురదనా అత్తా అని అడిగాడు. మంచి ఒండ్రు, ఎందుకు పారేయాలి అన్నాను. ఇంటికొచ్చి చూస్తే పసుపు ఒక్క కొమ్ము తడవలేదు. ఇనుప బిళ్లలు మంచి పనే చేశాయి. ఆ మాట కూడా ఎవరికీ చెప్పలేదు. వాటిని తీసి వాటి స్థానంలో బురద సంచులు పెట్టాను. అవి టార్పాలిన్‌ను అసలే గీకవు.

కోడలు తాళంచెవి తెచ్చిచ్చింది. కొంగున ముడి వేసుకున్నాను. రోజూ వేసుకునే ముడే.

బిళ్లలను నేనే మళ్లీ కమ్మీకి తగిలించాను. కొడుకు సీల పెట్టాడు. మర్నాడు కిటికీలకు వేయగా మిగిలిన తెల్ల పెయింటు డబ్బా అటక మీద నుంచి దించి, వేపపుల్ల చివర నమిలి కుంచెలా చేసుకుని, ట్రాక్టర్ ముందు పీట వేసుకుని కూర్చున్నాను. నా పేరులో నాలుగు అక్షరాలు. బిళ్లలు నాలుగు. ఒక్కొక్క బిళ్ల అంచు మీద ఒక్కొక్క అక్షరం రాశాను. మూడోది కొంచెం వంకర పోయింది. కోడలు చీపురుతో వాకిలి ఊడుస్తూ వచ్చి, చూసి, చీపురు ఆపింది.

"గిన్నెల లెక్క రాసినవు గదా అత్తమ్మా," అంది. నవ్వింది కానీ పెద్దగా నవ్వలేదు.

రాయకపోతే ఎవరిదో అనుకుంటారు అన్నాను.

అతుకు వేయించిన పడవను మళ్లీ నీళ్లలో వేసే రోజు నేనూ పోయాను. పడవను దించేటప్పుడు ట్రాక్టర్ వీపు నీళ్లవైపు, ముక్కు ఊరివైపు ఉంటుందని చెప్పాను కదా. ఒడ్డు మీద ఎంతమంది నిలబడితే అంతమందికీ నా పేరే ఎదురుగా కనబడుతుంది. కోడలు మెడ వెనక్కి తిప్పి, చేయి మడ్‌గార్డు మీద వేసి, ఎప్పటిలాగే సూదిలో దారం ఎక్కించినట్టు దించింది. నాకు కడుపులో ఎప్పటిలాగే మండింది. అది పోలేదు. ఆ పిల్ల తోలినంతకాలం పోదనుకుంటాను.

దించడానికి ముందు వియ్యపురాలు పసుపు కుంకుమ పళ్లెంతో వచ్చింది. ఈసారి ముందు నాకు పెట్టింది. తర్వాత పడవకు, తర్వాత కూతురికి. ఆఖరున ట్రాక్టర్ దగ్గరికి పోయి, నాలుగు బిళ్లలకూ నిండుగా పసుపు పూసింది. ఆమెకు చదువు రాదు, అవి అక్షరాలని తెలిసినా ఎవరివో తెలియదు. మొదటి అక్షరం సగం పసుపు కింద పోయింది. ఆమె అటు తిరగ్గానే నేను వంగి, కొంగు చివర తడిచేసి, ఆ అక్షరం కనబడేదాకా తుడిచాను.